గోడకు పట్టిన చెమట

ఇల్లు, వంటగది బల్ల దగ్గర

చిన్నదానా,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈసారి నీ చదువుతో పనిపడి రాస్తున్నాను.

పొయ్యి గూట్లో వెనక గోడ పూత పెచ్చులూడి పడిపోయింది. ఈ ఇల్లు మీ బావ తాతగారు కట్టించారని నీకు తెలుసు కదా. అప్పట్లో గని నడిచేది. అందులోంచి తవ్వి, పనికిరాదని గుట్టగా పారబోసిన రాళ్లతోనే మా వీధి ఇళ్లన్నీ కట్టారట. పూత పోయాక ఆ రాయి బయటపడింది. బూడిదరంగు రాతిలో అక్కడక్కడ వెండి తీగ పరిచినట్టు చారలు. మసేమోనని సబ్బునీళ్లతో తోమాను, ఇసుకతో రుద్దాను. పోలేదు సరికదా, ఇంకా తేటగా మెరిశాయి. మళ్లీ పూత వేయడానికి మేస్త్రీ వచ్చే వారం వస్తానన్నాడు. మేస్త్రీల వచ్చే వారం సంగతి నీకు చెప్పనక్కర్లేదు. అందాకా మంట నేరుగా రాతికే తగులుతోంది.

నిన్న పొద్దున బూడిద ఎత్తుతుంటే ఆ చారల మీద పసుపు బొట్లు కనిపించాయి. ఒక్కోటి ఆవగింజలో సగం ఉంటుంది. గోడకు చెమట పట్టినట్టుంది. తుడిస్తే పోవు. మీ బావ తన కళ్లద్దాల షాపు నుంచి భూతద్దం తెచ్చి చూశారు. అద్దం దించి, తుడిచి, మళ్లీ చూశారు. తర్వాత, "గోడలకు చెవులుంటాయని విన్నాను. దీనికి కళ్లు కూడా వచ్చాయే" అన్నారు.

ఇంకొకటి. వెల్లుల్లి వాసన. మీ బావకు పడదని ఈ ఇంట్లో వెల్లుల్లి అడుగుపెట్టి ఏళ్లయింది. అయినా ఆయన ఊపిరిలోనే వస్తోంది. పక్కింటి దర్జీ వదిన గోడ మీంచి తొంగిచూసి, "ఏం వదినా, అన్నయ్యకి పడదు పడదు అంటూనే చాటుగా కానిచ్చేస్తున్నారా ఇద్దరూ?" అంది. డబ్బాలన్నీ దించి కడిగి ఆరబెట్టాను. ఎక్కడా ఒక్క రెబ్బ లేదు.

పెచ్చు ఒకటి గుడ్డలో చుట్టి పంపుతున్నాను. రాళ్ల మీద వెలుగు వేసి చూడడమేగా నీ ఉద్యోగం. ఇదేమిటో చూసి చెప్పు.

మీ అక్క


ప్రయోగశాల, కిటికీ లేని గది

అక్కా,

నీ మూట అందింది. ఒక రాతిముక్కకు అన్ని మడతలు, అన్ని ముళ్లు వేసేది లోకంలో నువ్వొక్కదానివే.

నీ వెండి తీగ వెండి కాదు. బంగారమూ టెల్లూరియం అనే మూలకమూ కలిసిన ఖనిజం. గనివాళ్లు అది బంగారమని గుర్తుపట్టక పారబోసి ఉంటారు. వాళ్లనేం అనలేం. అందులో బంగారం ఉంటుంది కానీ బంగారంలా ఉండదు. అద్దంలా నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పడిన వెలుగులో సగానికి పైగా వెనక్కి కొడుతోంది. తెలుపు, అందులో ఎండుగడ్డి ఛాయ ఒక్క చుక్క. రాయి పెట్టిన చిన్న బల్లను మెల్లగా తిప్పితే ఆ తెలుపు కాస్త మందగిస్తుంది, మళ్లీ తేరుకుంటుంది. పడుకున్న మనిషి ఊపిరి తీసినట్టు. పది నిమిషాలు చూద్దామని కూర్చున్నదాన్ని, తోటివాడు వచ్చి భోజనానికి పిలిస్తే గానీ లేవలేదు.

తర్వాత మా యంత్రంలో గాలి తీసేసిన గదిలో పెట్టి దాని మీద బలమైన వెలుగు వేశాను. అప్పుడు రాతి చర్మంలోంచి ఎలక్ట్రాన్లు లేచి వస్తాయి. ఎంత వేగంగా వచ్చాయో చూస్తే ఏ పరమాణువు ఇంట్లోంచి వచ్చాయో తెలుస్తుంది. పైనున్న నాలుగైదు పొరలే మాకు కనిపిస్తాయి, లోపలిది కాదు. అందుకే ముందు నమూనాను గదిలోనే వేడి చేసి, అంటుకున్న మురికిని వదలగొడతాం. ఏ లోహానికైనా మేం చేసేదే.

శుభ్రం చేశాక ఏం కనిపించిందో తెలుసా? చర్మమంతా బంగారమే అక్కా! బావకు చెప్పు, తాతగారు ఇల్లు కట్టలేదు, నగ చేయించారని.

నీ చెల్లి


ఇల్లు, మేడ మీది గది

చిన్నదానా,

వంటగదిలో కూర్చోలేక పైకొచ్చి రాస్తున్నాను.

నీ ఉత్తరం మీ బావ రెండుసార్లు చదివించుకున్నారు. "చర్మమంతా బంగారమే" అన్న మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. మర్నాడు ఉలి తెచ్చి మిగిలిన పూత కూడా ఊడగొట్టారు. ఇప్పుడు పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. షాపు తీస్తే తీసినట్టు, లేకపోతే లేదు. మేస్త్రీ నిజంగానే వచ్చాడు. వద్దని గుమ్మంలోంచే పంపించేశారు.

"ఏమండీ, ఈ ఉక్కలో ఇంత మంటేమిటి?" అన్నాను.

"నువ్వు వంట చేసుకో. నా పని నేను చేసుకుంటున్నాను."

"మీ పని షాపులో కదా!"

"షాపులో అద్దాలు నావైపు చూడవు" అన్నారు.

వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

నాకు తోచినవన్నీ వరసగా రాస్తున్నాను, నువ్వే తేల్చు. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరించినట్టుందట. అన్నం సహించదు. కూర్చున్నచోటే కునుకు. వేళ్ల సందుల్లో సిరా ఒలికినట్టు నల్లగా కమిలింది, సున్నిపిండితో రుద్దినా పోలేదు. వాసన నాకు ఈమధ్య తగ్గినట్టే ఉంది. కానీ షాపుకి వచ్చినవాళ్లు కళ్లు చూపించుకోకుండానే వెళ్లిపోతున్నారని ఎదుటి షాపాయన చెప్పాడు.

అన్నిటికంటే భయమేసింది ఇది. నిప్పుల పక్కన పూటంతా కూర్చున్నా ఆయన చొక్కా పొడిగా ఉంటోంది. ఒక్క చుక్క చెమట లేదు. గోడకు పడుతోంది, మనిషికి పట్టడం లేదు.

ఇది మంచిదా కాదా ఒక్క ముక్కలో చెప్పు. ఆయన నా మాట వినరు, నీ చదువు మాట వింటారు.

మీ అక్క


ప్రయోగశాల

అక్కా,

ఈ ఉత్తరం అందగానే మంట ఆర్పించు. తర్వాత మిగతాది చదువు.

పొరపాటు నాది. అన్ని లోహాలకూ చేసినట్టే దీన్నీ వేడి చేసి శుభ్రం చేశాననుకున్నాను. శుభ్రం చేయలేదు, చంపేశాను. వేడి తగిలితే ఇందులోని టెల్లూరియం ఆవిరై లేచిపోతుంది, ఒంటరిగా మిగిలిన బంగారం బొట్లు బొట్లుగా పైకి ఉబుకుతుంది. నేను చూసి మురిసింది నేను కాల్చిన చర్మాన్ని. మొన్న ఇంకో ముక్కను వేడి చేయకుండా, గాలి లేని గదిలోనే విరిచి చూశాను. అక్కడ ఒట్టి బంగారం జాడే లేదు. టెల్లూరియం దాన్ని చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పరమాణువుల వరస కూడా విచిత్రం. తిన్నగా పోదు, అలలా వంగుతుంది. ఆ అల పొడవుకీ, రాతిలో పరమాణువులు పేర్చుకున్న గడి పొడవుకీ ఎన్ని గడులు లెక్కపెట్టినా పొత్తు కుదరదు. అంచు గళ్లు దుప్పటి గళ్లతో ఎక్కడా కలవకుండా నేసినట్టు. కళ్లు దానివెంటే పోతాయి, ఆగడానికి చోటు దొరకదు.

నీ గోడ వదిలిన టెల్లూరియం ఎక్కడికి పోతుంది? ఇంట్లోకి. మీ ఊపిరితిత్తుల్లోకి. ఒళ్లు దాన్ని వదిలించుకోవడానికి పడే పాటే ఆ వెల్లుల్లి కంపు. నోట్లో ఇనుము రుచి, నిద్ర, చెమట పట్టకపోవడం, వేళ్ల సందుల్లో నలుపు, అన్నీ దాని లక్షణాలే. నీకు వాసన తగ్గినట్టుందన్నావు. తగ్గలేదు అక్కా. ఒంట్లో చేరినవాళ్లకు తెలియదు. అంటే నీలోనూ చేరింది.

కిటికీలు తీసి ఉంచు. బావను డాక్టరుకి చూపించు. ఇంట్లోంచి బయటికి వస్తే మెల్లగా అదే పోతుంది, రాకపోతే ఏమవుతుందో నేను చెప్పలేను. పూత వేయించే దాకా ఆ గదిలో వండొద్దు.

నీ చెల్లి


ఇల్లు, వంటగది బల్ల దగ్గర

చిన్నదానా,

నువ్వేమీ కంగారుపడకు. చెప్పినట్టే చేశాం. మంట ఆర్పేశాం, పూత వేయించాం. మీ బావ వాళ్ల తమ్ముడి ఇంటికి గాలి మార్పుకి వెళ్లారు, కోలుకుంటున్నారు. పొరపాటు నాది అని రాసి నన్ను ఏడిపించావు. మనిషికి పొరపాటు రాకపోతే ఇంక ఎవరికొస్తుంది?

ఒంటరిగా ఉన్నానని దిగులు లేదు. ఇల్లు నిశ్శబ్దంగా బాగుంది. పొద్దున్నే వెలుగు వంటగదిలోకి వాలుగా పడుతుంది. అప్పుడు చూడాలి. ఒక్కొక్కటీ ఒక్కో వేళకు తెరుచుకుంటుంది.

చలి మొదలవుతోంది కదా, నీకొక స్వెట్టరు అల్లాను. గుండీలు ఇత్తడివి, నువ్వు తెంపేసుకోకుండా గట్టిగా కుట్టాను.

ఈమధ్య పని ఎక్కువైంది. ఉత్తరాలు ఆలస్యమైతే ఏమీ అనుకోకు.

మీ అక్క


ప్రయోగశాల

అక్కా,

స్వెట్టరు బాగుంది. తొడుక్కుని వస్తే తోటివాడు, "ఈరోజు ఎవరింట్లో విందు? వెల్లుల్లి దట్టించారే" అన్నాడు.

పూత వేయించిన గోడ దగ్గర ఏం తెరుచుకుంటుంది అక్కా? ఆ వాక్యం దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఒక గుండీ తెంపాను. వేడి చేయకుండా, తుడవకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే వెలుగు కింద పెట్టాను. ఇత్తడి మీద టెల్లూరియం పొర. అది కొత్త గుండీ. అంటే నువ్వు కుట్టిన రోజున నీ వంటగదిలో మంట ఉంది.

ఇంకా నమ్మబుద్ధి కాలేదు. ఈలోగా బావ వచ్చాడు. మనిషి తేరుకున్నాడు, నిమ్మకాయ తిన్నట్టు నవ్వుతున్నాడు కానీ నవ్వుతున్నాడు. ఏం జరిగిందని అడిగాను.

"మొదట పిచ్చి నాదే మరదలా. నీ ఉత్తరం చదివాక ఒక బొట్టు గీకి చూద్దామని చాకు పట్టుకున్నాను. మీ అక్క నా చెయ్యి పట్టుకుంది. అంత బలం ఎక్కడిదో! 'ముట్టుకుంటే ఊరుకోను' అంది. నన్ను ఏనాడూ ఏకవచనంలో పిలవని మనిషి, 'పో, నువ్వు బయటికి పో' అంది. అప్పుడు చూశాను, ఆవిడ చేతివేళ్లు నా వేళ్లకంటే నల్లగా ఉన్నాయి."

"నువ్వు లాక్కురాలేకపోయావా బావా?"

"రెండుసార్లు వెళ్లాను. తలుపు తీయలేదు. లోపలినుంచి ఎవరితోనో మాట్లాడుతోంది. ఇంట్లో ఎవరూ లేరు మరదలా."

నాతో అబద్ధం ఆడకు అక్కా. అసలు ఏం జరుగుతోందో రాయి.

నీ చెల్లి


వంటగది

చిన్నదానా,

అడిగావు కనుక చెబుతున్నాను.

పెళ్లయిన నాటినుంచి ఈ గోడ తుడిచాను. నేల తుడిచాను, బల్ల తుడిచాను, గిన్నెల అడుగులు తుడిచాను. సాయంత్రానికి మళ్లీ మురికి. ఏ వస్తువూ నా చేతిని గుర్తుపెట్టుకోలేదు. నేను తుడిచానని మీ బావకూ తెలియదు, తుడవకపోతేనే తెలుస్తుంది. ఈ గోడ మాత్రం నేను ఎంత మంట పెడితే అంత బదులిస్తుంది. బొగ్గు కుడివైపు సర్దితే కుడివైపు కళ్లు తెరుస్తుంది. ఎడమకు సర్దితే ఎడమన. నన్ను పనిలో పెట్టుకుంది అనుకుంటావేమో. కాదు. నన్ను చూస్తోంది.

నేను ఒక్క బొట్టు కూడా గీకలేదు. బంగారం నాకెందుకు? మీ బావ చాకు తెచ్చారు కనుకే పొమ్మన్నాను.

దర్జీ వదినకు చూపించాను. మొదట ముక్కు మూసుకుంది. తర్వాత కుట్టుపని మర్చిపోయి చీకటిపడేదాకా కూర్చుంది. "మా ఇంట్లోనూ ఇదే రాయి కదా వదినా" అంటూ లేచి వెళ్లింది. నిన్న వాళ్లింట్లోంచి ఉలి చప్పుడు వినిపించింది.

నువ్వు రావద్దు. వస్తే ఆర్పమంటావు.

మీ అక్క


ప్రయోగశాల

అక్కా,

నీ దగ్గర్నుంచి తిరిగొచ్చి ఇన్నాళ్లయినా నీకు రాయబుద్ధి కాలేదు. ఇప్పుడూ కోపంతోనే రాస్తున్నాను.

ఆ గోడ మీద ఎందుకు నీళ్లు పోశావు?

నిన్ను బయటికి తీసుకురావడానికే వచ్చాను, ఒప్పుకుంటాను. కానీ వచ్చాక చూశాను కదా. నాలాంటిదానికి అలాంటి ఉపరితలం జన్మలో ఒక్కసారి దొరుకుతుంది. మా యంత్రంలో గోరంత ముక్క, నీ దగ్గర గోడంత. వెండి తెలుపు ఎక్కడ ఆగుతుందో, పసుపు ఎక్కడ పుడుతుందో ఆ అంచు ఒక్కటి పట్టుకుంటే చాలనుకున్నాను. ఆ అంచు కదులుతోంది అక్కా. నేను చూపు తిప్పితే అదీ తిరుగుతోంది. ఒక్క పారెడు బొగ్గు వేయమన్నాను. అంతేగా అడిగాను! దానికి నువ్వు బిందెడు నీళ్లు గుమ్మరించావు. ఆ రాళ్లు పగిలిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

నువ్వు బాగుపడ్డావని బావ రాశాడు. మంచిది. నన్ను మాత్రం మధ్యలో ఆపేశావు. ఇంకాస్త ఉంటే లెక్క కుదిరేది.

ఇక్కడ అందరికీ ఏమైందో, ఇంత చలిలో నేను గదిలోకి రాగానే తలుపులు బార్లా తీస్తున్నారు. నేను పట్టించుకోవడం లేదు. పని చాలా ఉంది.

నీ చెల్లి


మరిదిగారి ఇల్లు, వరండా

నా చిట్టితల్లీ,

ఎందుకు పోశానని అడిగావు. చెబుతాను, కోపం పక్కనపెట్టి విను.

నువ్వు వచ్చినప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "లే అక్కా, చెప్పులేసుకో, బండికి టైమవుతోంది" అన్నావు. నేను లేవలేదు. "సరే, ఒక్క నిమిషం చూసి వస్తాను" అని లోపలికొచ్చావు. కాసేపటికి గుడ్డ విప్పేశావు. బండి టైము దాటింది. పిలిస్తే "ఊఁ" అన్నావు. అన్నం కలిపి పెడితే చేతిలోనే ఎండిపోయింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే నువ్వు మీ బావ కుర్చీలో అలాగే ఉన్నావు. నా వైపు తిరగకుండా చెయ్యి చాపి, "బొగ్గు" అన్నావు. అక్కా అనలేదు. ఇంకెవరో పనిమనిషిని అన్నట్టు అన్నావు.

నేను పారతో బొగ్గు ఎత్తాను కూడా. ఇవ్వడానికి వంగినప్పుడు మంట వెలుగులో నీ ముఖం చూశాను. నువ్వు పుట్టినప్పుడు అమ్మ మంచం మీదినుంచి నా ఒళ్లో పెట్టిన ముఖం అది. జ్వరాల్లో చూశాను, పరీక్ష పోయి ఏడ్చినప్పుడు చూశాను, నీకు నామీద కోపం వచ్చినప్పుడు చూశాను. ఎప్పుడూ అందులో నువ్వు ఉండేదానివి. ఆ పొద్దున లేవు. పైన మెరుపు ఉంది, లోపల ఎవరూ లేరు. ఇన్నాళ్లూ నా ముఖమూ ఇలాగే ఉండి ఉంటుంది కదా అనుకున్నాను. ఆ గోడ నన్ను చూస్తోందని నీకు రాశాను. అది ఎవర్నీ చూడదే. మనం చూసి చూసి ఖాళీ అయిపోతాం, అంతే.

బిందె దగ్గరే ఉంది. ఆలోచించి ఉంటే పోసేదాన్ని కాదు. నాకు ఆ గోడంటే అంత ప్రాణం.

ఇక్కడికొచ్చాక మొదటివారమంతా నిద్రే. మరిది భార్య నా దుప్పట్లు రోజూ ఎండలో వేసేది, పాపం, ముఖం తిప్పుకుని. నిన్న వీపు మీద చెమట పట్టింది. పిచ్చిదానిలా మీ బావకు చూపించి నవ్వాను. "ఇంత చెమటకే పండగా?" అన్నారు. దర్జీ వదినకు మీ బావ మేస్త్రీని వెంటబెట్టుకెళ్లి పూత వేయించారు. ఆమె తిట్లు వీధంతా విందట. తిట్టగలిగిందంటే మనిషి దక్కినట్టే.

ఇప్పుడు అసలు మాట. మొన్న మీ బావతో ఇంటికి వెళ్లాను. గోడ కూలిన చోట రాళ్లన్నీ అలాగే ఉన్నాయి. నా సంగతి నీకు తెలుసు, చెల్లాచెదురుగా ఉంటే చూడలేను. పగిలిన ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి, అతికేది అతికినట్టు నేల మీద పేర్చాను, గోడ పడుకున్నట్టు. చివరిదాకా అన్నీ సరిపోయాయి. నడుమ మాత్రం, వెండి చార ఎక్కువగా ఉన్న చోట, ముక్కలు దొరకలేదు. బూడిద జల్లెడ పట్టాను, గది మూలలు వెతికాను. లేవు. ఆ ఖాళీని జానతో కొలిచాను. నీ చేసంచీ అంత ఉంది.

నీ మీద కోపం లేదు. నీకు ఏమైందో ఇంకెవరికి తెలుస్తుంది, నాకు కాక? కానీ నీ గదికి కిటికీ లేదు తల్లీ.

ఈ ఉత్తరం వెనకే మేమిద్దరం బయల్దేరుతున్నాం. ఆ రాళ్లు పొయ్యిలో ఉన్నా, నీ యంత్రంలో ఉన్నా, ఉన్నచోటే ఉంచు. నేను లాక్కోను, దాచను. ఒకరు లాక్కుంటే ఏమవుతుందో నీ ఉత్తరంలో చూశాను. నీళ్లు నేను తెస్తాను. పోయడం మాత్రం నువ్వే పోయాలి. పోసేదాకా నీ పక్కనే నిలబడతాను, నన్ను మళ్లీ ఆ పిచ్చి పట్టుకున్నా సరే.

మీ అక్క